తుమ్మెదల అద్దె

ఆ సెలూన్‌లో అత్తగారు అల్లుడితో మాట్లాడదు. అద్దంతో మాట్లాడుతుంది. మాట అల్లుడికే, మొహం మాత్రం అద్దం వైపు. "కత్తెరలు తుడవకుండా పడేస్తే తుప్పు పట్టవూ?" అని అద్దాన్ని నిలదీస్తుంది. అద్దానికి నోరు లేదు కాబట్టి "తుడుస్తాను అత్తయ్యా" అని అల్లుడే చెప్పుకోవాలి. కుర్చీలో కొత్తవాడెవరైనా కూర్చుంటే తననే తిడుతోందనుకుని ఉలిక్కిపడతాడు. పాతవాళ్ళకి ఇది మామూలే.

అలాగని ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ సెలూన్ పెట్టింది ఆవిడ భర్త. వీధివైపు గదిలో రెండు కుర్చీలు, రెండు అద్దాలు, మూలన దువ్వెనలు నానబెట్టే గాజు జాడీ. ఆ వెనక రెండు గదుల కాపురం, దాని వెనక చాపంత పెరడు. ఆయన పోయాక, అప్పటిదాకా వేరే వీధిలో ఇంకొకరి దగ్గర పనిచేస్తున్న అల్లుడు వచ్చి ఆ కుర్చీల వెనక నిలబడ్డాడు. నిలబడ్డం తప్పు కాదు. కానీ అక్కడ ఎవరు నిలబడినా ఆవిడ చూడలేకపోయేది. పనిలో వంక దొరికితే నాలుగు తిట్టి ఊరుకునేదే. వంక దొరకలేదు. దాంతో ఆవిడ చెట్టు పట్టుకుంది.

చెట్టంటే పెరట్లో, వెనకగోడకి ఆనుకుని ఉన్న మెట్టతామర. ఆయన నాటిందే. మనిషి చెయ్యెత్తితే అందీ అందని ఎత్తు. ఒక్కో రెమ్మకి అటూ ఇటూ వరసగా పెద్ద పెద్ద ఆకులు. చీకటి పడే వేళకి ఆ ఆకులన్నీ జంటలు జంటలుగా ముడుచుకుని పడుకుంటాయి. వానలు తగ్గుముఖం పడితే చాలు, కొమ్మ కొమ్మ చివరా పసుపుపచ్చ పూలకంకులు కొవ్వొత్తుల్లా నిటారుగా లేస్తాయి. ఎవరి మెడ మీదన్నా తామర మచ్చ కనపడితే మామగారు కత్తి పెట్టేవాడు కాదట. నాలుగాకులు కోసి చేతిలో పెట్టి, "ఇది నూరి రాసుకో నాయనా, తగ్గాక రా" అని పంపేసేవాడట.

చెట్టు ఇప్పటికీ పూస్తోంది, విరగబూస్తోంది. కాయే లేదు. మామగారి రోజుల్లో కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడేవట. పొడుగ్గా, నల్లగా, నాలుగు అంచులతో. ఊపితే గలగలమనేవట. ఆయన పోయిన ఏడాది నుంచి ఒక్కటంటే ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. అల్లుడు వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇంకేం కావాలి?

"హస్తవాసి అని ఒకటుంటుంది. కొందరి చేతికి ఉంటుంది, కొందరి చేతికి ఉండదు. ఎవర్నేమంటాం?" అనేది ఆవిడ అద్దంతో. ఎవర్నీ ఏమీ అనలేదుగా మరి!

అల్లుడు నవ్వేసి ఊరుకునేవాడు. పైకి నవ్వేగానీ లోపల ముల్లులా గుచ్చుకునేది. పొద్దున్న లేచి చెట్టుకి నీళ్ళు పోసేది తను, ఎండుటాకులు ఏరేది తను. తన చెయ్యి తగిలి చెట్టు ఎండిపోలేదు కదా, మరి కాయ ఎందుకు మానేసిందో అతనికి అంతుపట్టేది కాదు. ఒక్కోసారి నిజంగానే తన చేతిలో ఏదో లోపం ఉందేమోనని అరచెయ్యి తిప్పి చూసుకునేవాడు కూడా.

ఇలా ఉండగా ఇంటి ఓనరు వచ్చాడు. పెరటి గోడ వెనక్కి ఒరిగింది, పగుళ్ళిచ్చింది.

"ఎవరి నెత్తినన్నా పడితే నేను ఊచలు లెక్కపెట్టాలమ్మా. చలి తగ్గేలోపు పడగొట్టి కొత్తది కట్టిస్తాను. చెట్టు వేళ్ళు పునాదిలోకి పోయాయి. అది మాత్రం ఉండదు."

"ఉండకపోతే పోనీ. దాని విత్తనం ఉంటే చాలు నాకు," అంది అత్తగారు.

"విత్తనానిదేముంది, బజార్లో మొక్కే దొరుకుతుంది కదా!"

"దొరుకుతుంది. అది ఆయన నాటింది అవుతుందా?"

ఓనరు గడ్డం గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ అద్దం వైపు తిరిగింది గానీ ఈసారి ఏమీ అనలేదు. అనకపోవడమే అల్లుడికి ఎక్కువ కష్టమనిపించింది. కాయ కాయకుండా ఆ చెట్టు పోతే ఈ నింద తన మీద శాశ్వతంగా ఉండిపోతుందని, ఆవిడ చేతిలో ఆయన గుర్తు గింజంత కూడా మిగలదని అతనికి తెలుసు.

ముందు కొమ్మలు కోసి పాత రంగుడబ్బాల్లో మట్టి పోసి గుచ్చాడు. మూడు పూటలా నీళ్ళు పోశాడు. వారం తిరక్కుండానే అన్నీ నల్లబడి కుళ్ళిపోయాయి.

"అన్నం పెట్టినట్టు మూడు పూటలా పోస్తే కుళ్ళక ఏమవుతుంది? దానికి ఎండ కావాలి. మొదలు దగ్గర నీళ్ళు నిలవకూడదు," అంది ఆవిడ అద్దంతో.

ఆ ముక్కేదో అద్దానికి వారం ముందు చెప్పి ఉంటే బాగుండేది కదా అనుకున్నాడు అల్లుడు. పైకి అనలేదు.

అతనికి ఒక జబ్బుంది. ఏదైనా అర్థం కాకపోతే అన్నం సయించదు. ట్రిమ్మర్ మొరాయిస్తే రిపేరుకి ఇవ్వడు, మరలన్నీ విప్పి బల్ల మీద పరుస్తాడు. ఆ జబ్బే ఇప్పుడు చెట్టు మీదికి తిరిగింది. బేరాలు లేనప్పుడల్లా పెరట్లో స్టూలేసుకుని పూలకేసి చూస్తూ కూర్చునేవాడు. చీమలొచ్చేవి, కొమ్మలన్నీ పెత్తనం చేసేవి. పచ్చ సీతాకోకచిలుకలు వచ్చి ఆకుల మీద గుడ్లు పెట్టేవి. చిన్న తేనెటీగలు పువ్వులో అటూ ఇటూ నడిచి, చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చి వెళ్ళిపోయేవి. ఇంతమంది వస్తూపోతూ ఉంటే కాయ ఎందుకు పడదు?

ఒకరోజు పువ్వొకటి తుంచి షాపులోకి తెచ్చాడు. మొహం పెద్దదిగా చూపించే గుండ్రటి అద్దం ఒకటుంది, దాని ముందు పువ్వు పెట్టి రేకులు విడదీశాడు. మధ్యలో పుప్పొడి ఉండే గొట్టాలు, గోధుమరంగువి. మామూలు పువ్వుల్లో పుప్పొడి పైకే ఉంటుంది, వేలు పెడితే అంటుతుంది. ఇక్కడ అంతా మూసేసి ఉంది. గొట్టం మూతి దగ్గర మాత్రం సూదిమొనంత బెజ్జం. తలకిందులు చేశాడు, రాల్లేదు. అరచేతిలో తట్టాడు, నలుసంత రాలింది. చెమ్మకి గడ్డకట్టిన ఉప్పుడబ్బాలా ఉంది వ్యవహారం. సరుకు లోపల ఉంది, బయటికి రావడం లేదు.

"పువ్వుకి గడ్డం గీస్తారు కాబోలు!" అంది అత్తగారు, పక్క అద్దంతో.

తర్వాత రెండు రోజులకి జవాబు తనంతట తనే ఎగురుకుంటూ వచ్చింది. కుర్చీలో పోస్టాఫీసు గుమాస్తా ఉన్నాడు. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. పెరటి తలుపు తీసి ఉంది. ఝుమ్మని ఒక మోత వినిపిస్తే అల్లుడు తల తిప్పాడు. ఒక తుమ్మెద. నల్లగా నిగనిగలాడుతూ, బొటనవేలంత ఉంది. అది వెళ్ళి ఒక పువ్వుని కాళ్ళతో కరుచుకుని వేలాడింది. రెక్కలు కదలడం ఆగింది, కానీ చప్పుడు ఆగలేదు! పైగా స్వరం మారింది. ఇందాకటి బొంగురు పోయి, సన్నగా, పదునుగా 'జ్జ్‌జ్జ్' అంది. ఆ అదురుకి పువ్వులోంచి పచ్చటి పొడి బుస్సుమని లేచి దాని పొట్టంతా పడింది.

అల్లుడు కత్తి చేతిలో పట్టుకునే గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. తుమ్మెద ఇంకో పువ్వు పట్టుకుంది. మళ్ళీ అదే స్వరం, మళ్ళీ పొడి. ఆ స్వరం తనకి తెలుసు. రోజూ చేతిలో వినే స్వరమే. ట్రిమ్మర్‌ది!

"ఏమయ్యా, నా రెండో చెంప సంగతేంటి? ఎండిపోయి పెచ్చులూడుతోంది," అన్నాడు గుమాస్తా.

"వస్తున్నానండీ, ఒక్క నిమిషం," అన్నాడు. ఆ నిమిషం ఎంతసేపయిందో గుమాస్తానే అడగాలి.

ఆ తుమ్మెద ఎటు నుంచో దారి తప్పి వచ్చింది, అటే పోయింది. మళ్ళీ రాలేదు. సాయంత్రం అతని భార్య బట్టల కొట్టులో పని ముగించుకుని వచ్చింది. చెప్పులు విడుస్తుండగానే అడిగాడు.

"ఇదివరకు మన పెరట్లో తుమ్మెదలుండేవా?"

"మంచినీళ్ళన్నా తాగనివ్వరా? ఉండేవి. నాన్న బల్లలో ఉండేవి."

"బల్లలోనా?"

"పెరటి గుమ్మం పక్కన పాత చెక్కబల్ల ఉండేదండీ. నాన్న టీ తాగేది దాని మీదే. అడుగున వేలు పట్టేంత బెజ్జాలుండేవి, కింద ఎప్పుడూ రంపప్పొట్టు రాలేది. చిన్నప్పుడు చెవి ఆనించి వినేదాన్ని, లోపల గొణుక్కుంటూ ఉండేవి." ఆమె నవ్వింది. "ఎవరన్నా కిరోసిన్ పోద్దామంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. పాపం అద్దెకున్నాయి, ఉండనివ్వండి అనేవాడు. అద్దె ఏమిస్తాయి నాన్నా అంటే, ఇస్తాయే పిచ్చిమొహమా, నీకు కనపడదు అనేవాడు."

"మరి ఆ బల్ల ఏమైంది?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నాన్న పోయాక అమ్మ దాన్ని చూడలేకపోయింది. పెరటి తలుపు తీస్తే ఖాళీ బల్ల ఎదురొచ్చేది. ఒకరోజు గొడ్డలి పెట్టించి నీళ్ళపొయ్యిలో పెట్టేసింది. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే," అన్నాడు అల్లుడు.

ఊరికేనట! మనిషికి కాలు నేల మీద నిలవలేదు. దొరికింది! ఇన్నేళ్ళకి దొరికింది! చెట్టు కాయ మానేసింది తన చేతి వల్ల కాదు. బల్ల కాలింది, తుమ్మెదలు పోయాయి, కాయ పోయింది. కాల్పించింది ఎవరు? మర్నాడు పొద్దున్నే షాపు తెరిచి, ఎవరూ లేకుండా చూసి, అద్దం ముందు నిలబడి మాట సరిచేసుకున్నాడు. "అత్తయ్యా, హస్తవాసి సంగతి తర్వాత చూద్దాం గానీ, మామగారి బల్లేమైందండీ?" అన్నాడు అద్దంతో. బాగానే ఉందనిపించింది. ఇంకాస్త మెల్లిగా అంటే ఇంకా బాగుంటుందనిపించి మరోసారి అన్నాడు.

ముందు పని కానిచ్చి తర్వాత అందామని ట్రిమ్మర్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. బ్లేడు వైపు కాకుండా వెనక వైపు పువ్వుకి ఆనించి మీట నొక్కాడు. జ్జ్‌జ్జ్! పచ్చటి పొడి గుప్పుమని అరచేతిలో రాలింది. జుట్టుకి రంగేసే సన్నటి బ్రష్‌తో ఆ పొడి అద్ది, ఇంకో కంకిలోని పువ్వు మధ్య వంకీ తిరిగి ఉన్న కాడ చివర రాశాడు. మళ్ళీ ఇంకో పువ్వు. జ్జ్‌జ్జ్.

వంటింట్లో ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. అత్తగారు గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"వచ్చాయా?" అంది.

అల్లుడి మొహంలోకి సూటిగా చూసి అడిగింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ కళ్ళు ఎదురుగా చూడడం అతనికి అదే మొదలు. ఆ కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా వెలుగుతున్నాయి.

"ఏవి అత్తయ్యా?"

"అవేనయ్యా, ఆయన..." అంటూ గుమ్మం పక్కకి చూసింది. అక్కడ బల్ల లేదు. తర్వాత అతని చేతిలో ట్రిమ్మర్ చూసింది, అరచేతిలో పచ్చటి పొడి చూసింది. మొహంలో వెలుగు ఆరిపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తుమ్మెదలు లేకపోతే కాయ పడదా?" అని అడిగింది, పువ్వులకేసి చూస్తూ.

ఇంతకన్నా సమయం ఏముంటుంది? మాట నాలుక చివర ఉంది, అద్దం ముందు రెండుసార్లు సానబెట్టింది. ఆవిడ మొహం చూశాక అతనికి నోరు రాలేదు. ఆ మనిషి బల్ల కాల్చింది కోపంతో కాదు, చూడలేక. అది చెప్పి తను గెలిచేదేమిటి?

"ఇలా అదిరితే గానీ పుప్పొడి రాలదండీ," అన్నాడు. "ఎదురు మేడ మీద పాత దూలాలుండేవట. తుమ్మెదలు అందులో ఉండేవి కాబోలు. అవి తీసేశాక ఎటో పోయుంటాయి."

"అలాగా," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పూలున్నంత కాలం రోజూ పొద్దున్న ట్రిమ్మర్‌తో అల్లుడు చెట్టుకి సేవ చేశాడు. గుమాస్తా చూసి, "వరస ప్రకారమా? నా ముందు ఎంతమంది పువ్వులున్నారు?" అని అడిగాడు. రేకులు వాడి రాలిపోయాక, ఒక కంకి మొదట్లో పచ్చటి కొడవలి ముక్కలా చిన్నది కనిపించింది. దాని పక్కన ఇంకోటి. అల్లుడు కేక పెట్టాడు. భార్య వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. అత్తగారు వచ్చి, వేలితో తాకబోయి, తాకకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

కాయలు వేలెడంత పెరిగాయో లేదో, చెప్పిన సమయానికంటే ముందే మేస్త్రీ దిగాడు. పలుగులు, పారలు, వెంట కూలీలు.

"ఈ మూల నుంచే మొదలెడతాం, చెట్టు అడ్డం," అన్నాడు.

కాయ నల్లబడకుండా కోస్తే లోపల గింజ తాలే, మొలకెత్తదు. అల్లుడు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత తువ్వాలు దులిపి కుర్చీ తిప్పాడు.

"మేస్త్రీగారూ, సిమెంటు మీ జుట్టులోనే కలుపుతున్నారా ఏంటి? రండి, కూర్చోండి. డబ్బులొద్దు."

మేస్త్రీకి తల కత్తిరించి, గడ్డం గీసి, మీసం సరిచేసి, మెడ వెనక పిసికి పెట్టాడు. ఆ తర్వాత కూలీలందరికీ వరసగా. మేస్త్రీ అద్దంలో తనని తను అటూ ఇటూ చూసుకుని మురిసిపోతున్నప్పుడు మెల్లిగా అడిగాడు, గోడ ఆ చివర నుంచి మొదలెట్టకూడదా అని.

"గోడకి మొదలేంటి, చివరేంటి? ఎక్కడ పలుగు వేస్తే అదే మొదలు," అన్నాడు మేస్త్రీ, మీసం దువ్వుకుంటూ.

గోడ ఆ చివర నుంచి కూలుతూ, లేస్తూ, కూలుతూ చెట్టు దాకా వచ్చేసరికి కాయలు నల్లబడ్డాయి. అత్తగారు తనే కోసుకుని ఒడిలో వేసుకుంది. ఊపింది. గలగలమన్నాయి. చెట్టు నరుకుతున్నప్పుడు మాత్రం లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కొత్తగోడ ఆరాక ఒక మధ్యాహ్నం, సెలూన్ ఖాళీగా ఉన్న వేళ, ఆవిడ పెరట్లోంచి అల్లుణ్ణి పిలిచింది. వెళ్ళి చూస్తే గుమ్మం పక్కన, ఒకప్పుడు బల్ల ఉండేదని భార్య చెప్పిన చోట, చూరు కింద ఒక ఎండు దూలం ఇటుకల మీద పెట్టి ఉంది. పాత గోడలో ఉండే దొడ్డిగుమ్మం తాలూకుది. దాని పక్కన అడుగున బెజ్జాలు పెట్టిన కుండీ, ఇసుక కలిపిన మట్టి. ఆవిడ చేతిలో గిన్నె. గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నాని ఉబ్బిన గింజలు.

"ఒక్కో గింజ అంచు మీ మామగారి సానరాయి మీద కాస్త గీకి నానబెట్టాను. పైతోలు గట్టిది, గీకకపోతే నీళ్ళు తాగదు. ఆయన అలాగే చేసేవాడు," అంది.

"ఆ దూలం ఎందుకత్తయ్యా?"

"అద్దెకి."

ఆవిడ అతనికేసే చూస్తోంది. అక్కడ అద్దం లేదు.

"ఎదురు మేడ కట్టినప్పుడు నేనిక్కడే ఉన్నాను. అడుగు నుంచి పైదాకా సిమెంటే. దూలాలూ లేవు, దూలం ముక్కలూ లేవు. నీకు అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు," అంది. "బల్ల నేనే కాల్పించాను. ఆ రోజు నీ ట్రిమ్మర్ చప్పుడుతోనే నాకు అర్థమైంది. నీకు అంతకు ముందే తెలిసినా నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఇన్నేళ్ళు ఆ అద్దం అరిగిపోయేలా నిన్ను అన్నాను. నీ చేతికేం తక్కువ లేదు నాయనా. నాకే కడుపులో బాధ ఎటు పెట్టుకోవాలో తెలియక నీ మీద పెట్టాను."

అల్లుడు తన అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"నిలబడ్డావేం? గింజలు ఆరిపోతాయి. నువ్వే పెట్టు," అని గిన్నె అతని చేతికిచ్చింది.

అతను కుండీ ముందు కూర్చుని వేలితో మట్టిలో గుంట చేసి, గింజ తీసి అందులో వేశాడు.

"అబ్బబ్బ, అంత లోతా! బావి తవ్వుతున్నావా? గోరంత చాలు!" అంది అత్తగారు, అతని మొహంలోకే చూస్తూ.